పంది ఎముకల రామెన్ సూప్ పాలలా తెల్లగా రావాలంటే ఏం చేయాలి?

సునాబెడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. జపాన్ వాళ్ల టొంకొత్సు రామెన్ (పంది ఎముకల సూప్‌లో వేసిన నూడుల్స్) ఇంట్లో చేస్తున్నాను. మా కోరాపుట్ జిల్లాలో పంది మాంసానికి కొదవ లేదు, సంతలో అడిగితే కాళ్లు, ఎముకలు విడిగా కూడా ఇస్తారు. కుక్కర్లో గంటన్నర ఉంచితే ఎముక చేత్తో విరిగేంత మెత్తబడింది, రుచి కూడా వచ్చింది. కానీ సూప్ మాత్రం పాయాలా లేత గోధుమ రంగులో, పైన నూనె తేలుతూ పలచగా ఉంది. వీడియోల్లో చూస్తే చిక్కటి పాలలా ఉంటుంది. ఆ తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది? నూడుల్స్ సంగతి కూడా చెప్పండి, ఇక్కడ మ్యాగీ తప్ప ఏమీ దొరకదు.

జయపురం_భోజనప్రియ:
దించే ముందు ఒక గ్లాసు పాలు పోసి మరిగించు తమ్ముడూ, రంగు వచ్చేస్తుంది.

రాయగడ_వంటిల్లు:
పాలు వద్దండి, దయచేసి పోయకండి. రంగు వస్తుంది కానీ నోట్లో పెట్టుకుంటే పాల రుచే తెలుస్తుంది. అసలు టొంకొత్సులో పాలూ లేవు, కార్న్‌ఫ్లోరూ లేదు. ఆ తెలుపంతా కొవ్వుదే. కాళ్లలో, చర్మంలో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ ఉడికి జిగురుగా మారుతుంది. పెద్ద మంట మీద సూప్ తెర్లుతుంటే కొవ్వు సన్నటి బొట్లుగా విరిగి నీళ్లలో కలుస్తుంది, ఆ బొట్లు మళ్లీ ఒకటై పైకి తేలకుండా జిగురు పట్టి ఉంచుతుంది. కవ్వంతో చిలికినట్టే అనుకోండి, ఇక్కడ చిలికేది మంట. మూత బిగించిన కుక్కర్లో ఎముక త్వరగా ఉడుకుతుంది గానీ లోపల నీళ్లు పెద్దగా కదలవు, అందుకే మీకు కొవ్వు పైన, నీళ్లు కింద ఉండిపోయాయి.

కాబట్టి కుక్కర్ మానక్కర్లేదు. ఆవిరి పోయాక మూత తీసి, ఎముకలతో సహా వెడల్పు గిన్నెలోకి వంచి, పెద్ద మంట మీద ముప్పావుగంట నుంచి గంట దాకా సలసల మరిగించండి. మధ్యమధ్యలో పప్పుగుత్తితో ఎముకల్ని గట్టిగా మెదపండి, మూలుగ బయటికి రావాలి. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే మరుగు ఆగిపోతుంది. మీ కళ్ల ముందే రంగు మారుతుంది. కిలో కాళ్లకు కిలో వెన్నెముక, పావుకిలో వీపు కొవ్వు సరిపోతుంది.

ఈ రామెన్ 1937లో క్యుషు దీవిలోని కురుమె ఊళ్లో ఒక బండి మీద మొదలైంది, అప్పటికి సూప్ ఇంత తెల్లగా ఉండేది కాదు. 1947లో అదే ఊళ్లో ఒక దుకాణంలో కుండ అనుకున్నదానికంటే ఎక్కువసేపు గట్టిగా మరిగిపోయి తెల్లబడిందని చెబుతారు.

సిమిలిగుడ_అక్క:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, ఇంకో రెండు మాటలు చెప్తాను. మన కోరాపుట్, సునాబెడ దాదాపు మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్నాయి, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. జపాన్ వాళ్లు మామూలు కుండలో 12 గంటలు అంటే మనకు ఇంకా ఎక్కువే పడుతుంది, కాబట్టి మొదటి ఉడుకు కుక్కర్లోనే కానివ్వు.

రెండోది వాసన. సంతలో పందిని మంట మీద కాల్చి వెంట్రుకలు తీస్తారు కదా, ఆ మసి కాళ్ల గిట్టల సందుల్లో ఉండిపోయి సూప్ అంతా కమురు కంపు కొడుతుంది. కత్తితో తెల్లటి చర్మం కనపడేదాకా గీకాలి. ఎముకల్ని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నీళ్లు మార్చు. తెల్లారి పది పదిహేను నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు తెట్టుతో సహా పారబోసి, వెన్నెముక సందుల్లో నల్లగా గడ్డకట్టిన రక్తాన్ని పాత టూత్‌బ్రష్‌తో తోమెయ్. సూప్ గోధుమ రంగులోకి తిరగడానికి ఆ రక్తం కూడా కారణమే. పైన వేసుకునే మాంసం ముక్కలు మాత్రం లోపలి దాకా పూర్తిగా ఉడకాలి తమ్ముడూ. ఊళ్లో తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు పిల్లలు ఉండొచ్చు, సరిగా ఉడకకపోతే అవి మన పేగుల్లో పురుగుగా పెరుగుతాయి, ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోతే మెదడు దాకా చేరి ఫిట్స్ తెప్పించొచ్చు. ఇందులో రాజీ పడకు.

సునాబెడ_కుర్రాడు:
చాలా థాంక్స్ అక్కా, రాయగడ గారికి కూడా. మరి ఉప్పు ఎప్పుడు వెయ్యాలి?

రాయగడ_వంటిల్లు:
కుండలో అసలు వెయ్యొద్దు. ఉప్పు, సోయా సాస్ కలిపిన చిక్కటి రసం విడిగా చేసుకోవాలి, దాన్ని తారె అంటారు. బౌల్ అడుగున రెండు చెంచాలు తారె వేసి, పైన మరిగే సూప్ పోస్తారు, ఎవరికి ఎంత ఉప్పు కావాలో అంత. జపాన్‌లో తారెకు కొంబు అనే సముద్రపు పాచి, ఎండు చిరుచేపలు వాడతారు. మనకు ఎండు నెత్తళ్లు ఉండనే ఉన్నాయి, విశాఖ నుంచి ఎవరైనా రైల్లో వస్తుంటే తెప్పించుకోండి. తల, పొట్ట తీసేయాలి, లేకపోతే చేదు. వాటిని నీళ్లలో నానబెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు కాచి, వడకట్టి సోయా సాస్‌లో కలపండి. నల్లటి డార్క్ సోయా వద్దు, రంగు పాడవుతుంది.

నూడుల్స్‌కి మ్యాగీ వద్దు. సన్న స్పఘెట్టి దొరికితే లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా వంటసోడా వేసి ఉడికించండి, పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె పెట్టుకోండి. రామెన్ నూడుల్స్‌కి ఆ పసుపు రంగు, సాగే గుణం క్షారం వల్లే వస్తాయి, వంటసోడాతో దానికి చాలా దగ్గరగా వస్తుంది.

జయపురం_భోజనప్రియ:
సరే, పాల సలహా వెనక్కి తీసుకుంటున్నా. మిగిలిన సూప్ దాచుకోవచ్చా?

సిమిలిగుడ_అక్క:
చల్లారాక వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, రెండు మూడు రోజులు ఉంటుంది, ఫ్రీజర్లో అయితే ఇంకా ఎక్కువ. మళ్లీ వాడేటప్పుడు పెద్ద మంట మీద మరిగించాలి, లేకపోతే కొవ్వు విడిపోతుంది. ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకడితే జిగురు సరిపోయినట్టు. కట్టకపోతే ఈసారి కాళ్లు ఇంకో రెండు ఎక్కువ కొను.