మినిట్స్, ఫాలోఅప్, కేక్ ఆర్డర్: టీమ్‌లో ఈ చాకిరీని ఎలా లెక్కగట్టాలి?

స్ప్రింట్‌బోర్డ్ అడిగారు:
హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ గురించి అడుగుతున్నానండీ. 14 మంది, అందులో ఆడవాళ్ళు నలుగురు. మీటింగ్ మినిట్స్, కొత్తగా చేరినవాళ్ళకి యాక్సెస్‌లు ఇప్పించడం, క్లయింట్ అడిగినదాని వెంటపడటం, ఎవరెప్పుడు సెలవులో ఉన్నారో చూసి రిలీజ్ తేదీ సర్దడం, ఆఖరికి బర్త్‌డే కేక్ కూడా ఆ నలుగురిలో ఇద్దరి నెత్తినే పడుతోంది. అప్రైజల్‌లో మాత్రం వాళ్ళకి 'సపోర్ట్ బాగుంది, లీడ్ స్థాయి ఇంకా కనిపించలేదు' అని రాస్తున్నారు. ఈ పనులకి వారానికొకరి వంతని రోస్టర్ పెడితే మూడు వారాలకే మూలపడింది. దీన్ని అంకెల్లో ఎలా చూపించాలి, ఎలా పంచాలి? 'అందరినీ సమానంగా చూడాలి' లాంటివి కాకుండా, చేసి చూడగలిగేవి చెప్పండి.

లెక్కలపద్దు:
ముందు లెక్క తీయండి. నాలుగు వారాల క్యాలెండర్, మెయిల్, గ్రూప్ చాట్ చాలు. షీట్‌లో నాలుగు గడులు: పని, ఎవరు చేశారు, ఎవరు చెప్తే చేశారు, ఎన్ని నిమిషాలు. అసలు గుట్టు మూడో గడిలో ఉంటుంది. ఒక వరుస ఇలా ఉంటుంది:

'మంగళవారం 11:40. యూఏటీ (క్లయింట్ తానే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి ఒప్పుకునే దశ) తేదీ ఇంకా ఖరారు కాలేదని క్లయింట్‌కి గుర్తుచేయడం. చేసింది: టెస్ట్ లీడ్. చెప్పింది: ఎవరూ లేరు. 6 నిమిషాలు.'

6 నిమిషాలే కాబట్టి ఎవరూ పనిగా చూడరు. కానీ శుక్రవారం నుంచి అది ఆవిడ బుర్రలో నానుతూనే ఉంది. అందుకని నిమిషాలు కూడి ఊరుకోకండి, 'చెప్పింది ఎవరూ లేరు' అన్న వరుసలు మనిషికి ఎన్ని వచ్చాయో విడిగా లెక్కపెట్టండి. ఇంకో మాట: ఈ షీట్ నింపే పని ఆ ఇద్దరికే అప్పజెప్పకండి. చాలాచోట్ల జరిగేది అదే. మేనేజర్ కూర్చుని తీయాలి, ఒక పూట పని.

నాలుగుమెట్లు:
రోస్టర్ ఎందుకు మూలపడిందో చెప్తాను. అలిసన్ డామింజర్ అనే సోషియాలజిస్టు 2019లో ఇంటిపనిలోని ఆలోచన భారాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయం తీసుకోవడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. ఆవిడ చూసిన జంటల్లో నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవడం ఎక్కువ. మొదటి మెట్టూ చివరి మెట్టూ ఎక్కువగా ఆడవాళ్ళ మీద ఉన్నాయి.

అది ఇళ్ళ మీద చేసిన పరిశీలన, కానీ ఆఫీసుకీ పనికొస్తుంది. నిర్ణయానికి మీటింగ్ ఉంటుంది, పేరుంటుంది, 'లీడ్ చేశాడు' అంటారు. పసిగట్టడానికీ కనిపెట్టుకుని ఉండటానికీ పేరు లేదు. రోస్టర్ చేతిపనిని మాత్రమే పంచుతుంది. 'ఈ వారం మీ వంతు కదా' అని గుర్తుచేసే పని ఇప్పటిదాకా చేస్తున్న ఆవిడ దగ్గరే మిగిలిపోతుంది. ఆవిడ విసిగి మానేసిన వారం రోస్టర్ ఆగిపోతుంది.

వారాల చొప్పున కాదు, మూడు నెలలకి ఒక పని మొత్తం ఒకరికి ఇవ్వండి. ఉదాహరణకి ఆన్‌బోర్డింగ్: చేరే రోజుకి 5 పనిదినాల ముందు ల్యాప్‌టాప్ రిక్వెస్ట్, మొదటి రోజే మెయిల్, వీపీఎన్, రెపో (కోడ్ ఉంచే చోటు) యాక్సెస్, రెండో వారం చివర ఏం ఆగిందో కనుక్కోవడం. ఇంతవరకూ రాసిచ్చి, తప్పితే మేనేజర్ ఆ పని తీసుకున్నవాళ్ళనే అడగాలి. ఇంతకుముందు చేసిన ఆవిడని అడిగారా, పని మళ్ళీ ఆవిడదే. మొదటి నెల కచ్చితంగా నాసిగా జరుగుతుంది. 'ఆవిడైతే నీట్‌గా చేస్తుంది' అని వెనక్కి ఇచ్చేది అప్పుడే. అందుకే తప్పినా పెద్ద నష్టం లేని పనులతో మొదలుపెట్టి, క్లయింట్ పనులు ఆఖర్న మార్చండి.

సూటిమాట:
ఇదంతా ఎందుకండీ? ఇష్టం లేకపోతే కుదరదని చెప్పొచ్చు. ఎవరూ బలవంతపెట్టడం లేదు కదా.

లెక్కలపద్దు:
@సూటిమాట, దీన్ని ప్రయోగం చేసి చూశారు. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో ప్రచురించారు. ముగ్గురేసి గుంపు, రెండు నిమిషాల గడువు. ఎవరో ఒకరు బటన్ నొక్కితే నొక్కినవాళ్ళకి 1.25 డాలర్లు, మిగతా ఇద్దరికీ 2 డాలర్లు. ఎవరూ నొక్కకపోతే తలా ఒక డాలరు. ఆడా మగా కలిసి ఉన్న గుంపుల్లో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే 48 శాతం ఎక్కువసార్లు ముందుకొచ్చారు. కానీ అందరూ మగవాళ్ళే ఉన్న గుంపుల్లో మగవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే ఉన్న గుంపుల్లో ఆడవాళ్ళు నొక్కినంతే నొక్కారు! అంటే ఇష్టం సంగతి కాదు, 'ఆమె చేస్తుందిలే' అన్న ధీమా. ఇంకో ప్రయోగంలో అడిగే అధికారం ఒకరికి ఇస్తే, ఆడవాళ్ళని 44 శాతం ఎక్కువగా అడిగారు. దున్నే ఎద్దునే పొడుస్తారు.

కాబట్టి మీటింగ్‌లో 'మినిట్స్ ఎవరు రాస్తారు?' అన్న ప్రశ్నే తీసేయండి. పేరు ఇన్వైట్‌లోనే ఉండాలి.

క్యాలిబ్రేషన్ గది:
పంచడం సగమే. మేనేజర్లంతా కూర్చుని అప్రైజల్ రేటింగ్‌లు ఖరారు చేసే గదిలోకి ఏ వాక్యం వెళ్తుందో అదీ చూడాలి. 'సపోర్ట్ బాగుంది' అని వెళ్తే అక్కడ ఎవరూ రెండోసారి చూడరు. అదే పనిని ఇలా రాయండి: 'రిలీజ్‌కి రెండు వారాల ముందే సెలవుల ఢీ పసిగట్టి, ఇద్దరు టెస్టర్లని సర్ది తేదీ నిలబెట్టింది.' అబద్ధం లేదు, పొగడ్తా లేదు, లీడ్ చేసే పనే.

గోల్ షీట్‌లో వీటికి 10-15 శాతం వెయిటేజీ ఇవ్వొచ్చు. కానీ ఒక మెలిక: పని పంచకుండా వెయిటేజీ ఒక్కటే ఇస్తే, రేటింగ్ వస్తుంది, ప్రమోషన్ రాదు. ఒకరికి మూడు నెలల్లో ఇలాంటిది ఒకటికి మించకూడదని గీత గీయండి.

అన్నీ మగవాళ్ళకి తిప్పలేం కూడా. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీకి సీనియర్ మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. సీనియర్ ఆడవాళ్ళు ఇద్దరే ఉన్న ఆఫీసులో అది తిరిగి తిరిగి వాళ్ళకే వస్తుంది. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆ రోజుల్లో డెలివరీ టార్గెట్ తగ్గించకపోతే, కమిటీ పని చేసినందుకు రేటింగ్ పోగొట్టుకున్నట్టే. ఎంత తగ్గిస్తున్నారో విచారణ మొదలైన రోజే మెయిల్‌లో రాయించుకోండి.

స్ప్రింట్‌బోర్డ్:
చాలా స్పష్టంగా ఉందండీ. ఆన్‌బోర్డింగ్‌తో మొదలుపెడతాం. మరి కేక్ సంగతి?

నాలుగుమెట్లు:
అది పంచకండి, తీసేయండి. పుట్టినరోజుల జాబితా హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది. నెలాఖరు శుక్రవారం అందరికీ కలిపి ఒకే కేక్, ఆర్డర్ అడ్మిన్‌ది. ఆ రోజు కోసేశాక ప్లేట్లు ఎవరు తీస్తున్నారో కూడా ఓ కన్నేయండి.