డాగ్‌వుడ్ కొమ్మల ఎరుపు తగ్గిపోతోంది, ఏం చేయాలి?

నోవై_పెరడు:
మాది మిషిగన్, జోన్ 6 (చలికాలపు చలి తీవ్రతను బట్టి మొక్కల కోసం చేసిన ప్రాంత విభజన). 'కార్డినల్' డాగ్‌వుడ్ పొదలు మూడు నాటి నాలుగేళ్లయింది. మొదట్లో మంచులో కుంకుమ పోసినట్టు ఉండేవి. ఇప్పుడు కింద సగం బూడిద రంగు తిరిగి, చివర్లు మాత్రమే ఎర్రగా ఉన్నాయి. ఎత్తు ఏడడుగులు. మధ్యాహ్నం నుంచి మేపుల్ చెట్టు నీడ పడుతుంది. ఎరువు వేస్తే సరిపోతుందా? పక్కన పసుపు కొమ్మల రకం కూడా పెట్టాలనుంది.

మొగ్గ_కత్తెర:
ఎరువుతో పని లేదండీ, కత్తిరింపు బాకీ పడింది. మంచి రంగంతా ఏడాది, రెండేళ్ల కొమ్మల్లోనే ఉంటుంది. ఆ తర్వాత బెరడు మందమై బూడిద రంగుకు తిరుగుతుంది.

పొద మొదట్లో కొమ్మలను చేత్తో విడదీసి చూడండి. బొటనవేలంత లావుగా, గరుగ్గా ఉన్నవి ముదురువి. పెన్సిలంత సన్నంగా, నున్నగా, ఒంటి మీద చిన్న తెల్ల చుక్కలతో ఉన్నవి కొత్తవి. మార్చి చివర్లో మొగ్గలు విచ్చకముందే ముదురు కొమ్మల్లో మూడో వంతును నేలకు ఆనించి కోసేయండి. వచ్చే రెండేళ్లలో మిగతావి. పొద మొత్తాన్ని ఒకేసారి మూడంగుళాలకు నరికే పద్ధతీ ఉంది, రంగు దానికే బాగా వస్తుంది. కానీ నీడలో ఉన్న పొద అంత దెబ్బకు త్వరగా కోలుకోదు కాబట్టి మీకు మూడో వంతు పద్ధతే మేలు.

పైపైన గుండ్రంగా కత్తిరించే పని మాత్రం వద్దు. చివర్లు చీపురులా గుబురెక్కుతాయి, కింద ముదురు కొమ్మలు అలాగే ఉండిపోతాయి. ఆకు రాలాక కోసినా నష్టమే, చలికాలమంతా చూడాల్సిన రంగే చేతికి తెగి వస్తుంది.

చలితోట:
నీడ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది, దానికి ఎండా చలీ రెండూ కావాలి. ఒకే కొమ్మలో ఎండ తగిలే వైపు ఎర్రగా, వెనక వైపు పాలిపోయి కనిపిస్తుంది, గమనించండి. రోజుకు ఆరు గంటల ఎండైనా పడేలా మేపుల్ కింది కొమ్మలు కొన్ని తీయించండి. దాని వేళ్లు నీళ్లు లాగేస్తాయి కనుక వేసవిలో పొదలకు వారానికి అంగుళం నీరు అందాలి. మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటిది) రెండు, మూడంగుళాలు చాలు, కొమ్మల మొదళ్లకు తగలనివ్వకండి. లాన్‌కు చల్లే నత్రజని ఎరువు ఇటు పడితే ఆకు పెరుగుతుంది తప్ప రంగు రాదు.

నోవై_పెరడు:
చాలా థాంక్సండీ. పసుపు రకంలో 'ఫ్లావిరామియా' దొరుకుతోంది. 'మిడ్‌వింటర్ ఫైర్' కూడా చూశాను. కుందేళ్లు మాత్రం బాగా తిరుగుతాయి.

మొగ్గ_కత్తెర:
'ఫ్లావిరామియా'ను ఐదడుగుల దూరంలో పెట్టండి, పిలకలతో పక్కకు పాకుతుంది. దీనికి కాంకర్ తెగులు ఎక్కువ. కొమ్మ మీద నల్లగా గుంటపడ్డ మచ్చ కనిపిస్తే, మచ్చకు ఆరంగుళాలు కిందికి కోసి, ప్రతి కోతకూ కత్తెరను ఆల్కహాల్‌తో తుడవండి. నీళ్లెద్దడి పడ్డ పొదలకే ఇది ముందు వస్తుంది. 'మిడ్‌వింటర్ ఫైర్' నెమ్మదిగా ఎదుగుతుంది, మొదటి రెండు మూడేళ్లు దాని జోలికి పోవద్దు.

కొమ్మ ఏటవాలుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంటే అది కుందేలు పని. చుట్టూ అంగుళం కన్నాల వైర్‌మెష్ కట్టండి. మీ దగ్గర మంచు పేరుకునే ఎత్తుకు పైన ఇంకో రెండడుగులు ఉండాలి, లేకపోతే గట్టిపడ్డ మంచు మీద నిలబడి పైనుంచి కొరికేస్తాయి.

మార్చిలో కోసినవాటిలో పెన్సిలంత కొమ్మలను పారేయకండి. తొమ్మిదంగుళాల ముక్కలు చేసి, మొగ్గలు పైకి చూసేలా మూడింట రెండు వంతులు మట్టిలో గుచ్చండి. తడి ఆరనివ్వకపోతే ఆకురాలు కాలానికి వేళ్లు పట్టి, నాటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి.