రాయగడలో అద్దింటి పెరడు, నాలుగు ఎత్తు మడులు, ఏం నింపాలి?

గుంటూరు అమ్మాయి: అందరికీ నమస్కారమండి. మావారికి ఒడిశాలోని రాయగడ ట్రాన్స్‌ఫర్ అయ్యి రెండు నెలలైంది. అద్దింటి పెరట్లో ఇటుకలు పేర్చి నాలుగు ఎత్తు మడులు కట్టించాను, ఒక్కోటి 6 అడుగుల పొడవు, 3 వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఒకాయన ట్రాక్టరు ఎర్రమట్టి తోలిస్తానంటున్నాడు. మాకు నల్లరేగడి తప్ప వేరే మట్టి తెలీదు. ఉట్టి ఎర్రమట్టి నింపితే సరిపోతుందా?

రాయగడ పాతకాపు: అమ్మా ముందు ఇది చెప్పు, ఓనరుకి చెప్పి కట్టావా చెప్పకుండా కట్టావా. ఎందుకడుగుతున్నానంటే మాదీ అద్దిల్లే, మేడ మీద మూడు మడులు కట్టి నిండా ఎర్రమట్టి పోయించీసాను, శ్రావణంలో ఆర్రోజులు ముసురు పట్టింది, కింద ఓనరు గారి పూజగది స్లాబు పెచ్చులూడింది. ఆయన ఆ పెచ్చు ఒకటి చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఏటీ మాట్లాడకుండా మేం టిఫిన్ తింటున్న టేబుల్ మీద పెట్టీసి వెళ్లిపోయాడు. ప్లంబర్ని పిలిచి చూపిస్తే కారేది ట్యాంకు పైపు, నా మడులు కాదు. అయినా అడ్వాన్సులో సగం పట్టీసుకున్నాడు, తడిమట్టి కిందికి దింపడానికి ఇద్దరు కూలీలకి రెండ్రోజులు పట్టింది, ఆ డబ్బులు వేరే. నా తప్పూ ఉందిలే, మనుషులు తిరిగే మేడకి చదరపు మీటరుకి 150 కిలోలే లెక్క, అడుగెత్తు తడిమట్టంటే అక్కడికే 500 దగ్గరికొచ్చీస్తాది.

గుంటూరు అమ్మాయి: అయ్యో. మావి నేల మీదేనండి, మేడ మీద కాదు.

గుణుపురం మాస్టారు: ఆవిడ మట్టి గురించి అడిగితే నువ్వు మేడ కథ చెప్పావు. అమ్మా, ఒక్కో మడికి 27 ఘనపుటడుగులు, నాలుగింటికి 108. మట్టొక్కటే అంత తోలించకు. ఉట్టి ఎర్రమట్టి రెండు వానలకి అట్టకట్టి పైన పెంకులా అయిపోద్ది, నీళ్లు పోస్తే లోపలికి దిగవు, గోడ వారనించి జారిపోతాయి. మూడు తట్టల మట్టికి రెండు తట్టల మాగిన గత్తం (పశువుల ఎరువు), ఒక తట్ట ఊక కలుపు. గత్తం గుప్పెట్లో పట్టి చూడు, వెచ్చగా తగిలినా పేడ వాసనొచ్చినా ఇంకా మాగలేదని. ఇక్కడ బజార్లో గత్తం అంటే తెలీదు, గొబరొ ఖతొ అనాలి. అడుగున సిమెంటు చెయ్యించకు, కింద నేల గునపంతో వదులు చేసి దాని మీదే నింపు.

పర్లాకిమిడి పిన్ని: అంత మట్టెందుకు, అడుగున దుంగలూ ఎండాకులూ వేసీండి, సగం ఖర్చు తగ్గిపోద్ది.

రాయగడ పాతకాపు: దుంగలా! ఇంటి గోడ పక్కన దుంగలు పాతిపెడితే చెదలకి విందే. ఒడియాలో ఉయి అంటారు, ఆ మాట ముందు నేర్చుకో అమ్మా, ఓనరు నోట ఎప్పుడోకప్పుడు వింటావు.

పర్లాకిమిడి పిన్ని: నీకన్నీ ఓనర్లే కనిపిస్తారేటి బాబూ. పోనీ దుంగలొద్దు, మేం అరటి బోదెలు ముక్కలు చేసి వేసాం, చెద రాలేదు, కాకపోతే ఆర్నెల్లకి మడి జానెడు దిగిపోయింది, మళ్లీ గత్తం పొయ్యాల్సొచ్చింది.

బరంపురం బావ: మాస్టారూ ఊక అన్నారు, పచ్చిదా కాల్చిందా? పచ్చి ఊక కుళ్లేటప్పుడు మట్టిలో నత్రజని లాగేసుకుంటుంది, మా టమాటాలు పసుపెక్కి కూర్చున్నాయి. కాల్చిన ఊకైతే మట్టి పులుపు కూడా కొంత విరుస్తుంది, అక్కడి ఎర్రమట్టికి పులుపెక్కువ కదా. పేపరు మిల్లు సున్నపు మడ్డి దొరికితే ఇంకా మంచిది, భువనేశ్వర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు పొలాలకి వెయ్యమని చెప్పిందే.

గుణుపురం మాస్టారు: పొలాలకి బావా, పొలాలకి. నాలుగు మడుల్లో తోటకూర వేసుకునే ఆవిడకి మిల్లు మడ్డెందుకు? కాల్చిన ఊక అన్నావు, ఆ మాట ఒప్పుకుంటాను. సున్నమైనా సరే, మా గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి ఎంత వెయ్యాలో అడిగి వెయ్యి.

బరంపురం బావ: నాలుగు మడులకి పరీక్షలు కూడానా, పంట చేతికొచ్చీలోపు ట్రాన్స్‌ఫరొచ్చీస్తుంది. అన్నట్టు ట్రాక్టరాయనికి వై ఫారం, అదే మట్టి తోలడానికిచ్చే పర్మిట్ కాగితం, ఉందేమో అడగండి. ఒడిశా 2016 మైనర్ మినరల్స్ రూల్స్ ప్రకారం కొండ మట్టికి కూడా కాగితం కావాలి.

గుంటూరు అమ్మాయి: వై ఫారం అడిగానండి, రేపొస్తానని వెళ్లాడు, ఇంక ఫోనెత్తట్లేదు. ఓనరమ్మని కూడా అడిగాను. మడులుంటే ఉండనీ అంది, కానీ ఒక మడి తనకి కావాలట, బచ్చలి పెట్టుకుంటుందట.

రాయగడ పాతకాపు: ఏ మడో కాగితం మీద రాయించీసుకో.