హామ్ (అమెచ్యూర్) రేడియో వారి సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో సింగిల్ ఆపరేటర్ అని ఎవరిని అనవచ్చు?

ప్రశ్న (పర్లాఖిమిడి నుంచి): మైకు ముందు నేనొక్కణ్ణే కూర్చుని ప్రతి స్టేషనుకూ "ఐదు తొమ్మిది, ఇరవై రెండు" అని సిగ్నల్ రిపోర్టునూ మన జోన్ (ప్రాంత) సంఖ్యనూ చెబుతుంటే, మా తమ్ముడు పక్కన డీఎక్స్ క్లస్టర్ (ఏ స్టేషను ఎక్కడ వినబడుతోందో ఇంటర్నెట్‌లో చూపే జాబితా) చూస్తూ ఏ ఫ్రీక్వెన్సీలో ఏ దేశం పలుకుతోందో అందిస్తుంటాడు. ఈ లాగ్‌ను (మాట్లాడిన స్టేషన్ల పట్టికను) సింగిల్ ఆపరేటర్ విభాగంలో పంపవచ్చునా అండీ?

జవాబు (రాయగడ): పంపకూడదండీ. ఆ విభాగంలో వెతకడం, మాట్లాడడం, లాగ్ రాయడం అన్నీ ఒక్కరే చేయాలి. క్లస్టర్‌ను మీరే చూసుకుంటే అసిస్టెడ్ (సహాయం తీసుకునే) విభాగం, మరొకరు చూసి చెబితే మల్టీ ఆపరేటర్ విభాగం. మాట్లాడింది ఒక్కరే కదా అనుకోవచ్చు గానీ, 48 గంటల పోటీలో అరుదైన దేశాన్ని వెతికి పట్టుకోవడమే సగం శ్రమ, ఆ శ్రమను ఒంటరిగా పడినవారి పక్కన మీ స్కోరును నిలబెట్టడం వారికి అన్యాయం.

జవాబు (బరంపురం): పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మరొకటి కూడా గమనించండి: పోటీ ముగిశాక రికార్డింగు విని గానీ, డేటాబేస్ చూసి గానీ, అవతలివారికి ఈమెయిల్ రాసి గానీ కాల్‌సైన్‌లను (స్టేషన్ల గుర్తింపు సంకేతాలను) దిద్దడం నిషిద్ధం. ఆ క్షణంలో చెవికి ఎలా వినబడిందో అలాగే పంపాలి. లో పవర్ విభాగమైతే 100 వాట్లు దాటకూడదు, దీన్ని మీటరు చూసి మనమే పాటించాలి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. అక్టోబరు పోటీకి మల్టీ ఆపరేటర్‌గానే, తమ్ముడి పేరు కూడా చేర్చి పంపుతాను.