షాద్‌నగర్ షెడ్డులో హెంప్, ఇండోర్ ఫార్మింగ్: మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
షాద్‌నగర్ దగ్గర మాకు రెండెకరాల పొలం, ఖాళీగా పడి ఉన్న ఒక కోళ్ల షెడ్డు ఉన్నాయి. ఉద్యోగం మానేసి అక్కడికి వెళ్లి, షెడ్డులో ఎల్‌ఈడీ దీపాల కింద హెంప్ (నార, గింజల కోసం పండించే మొక్క), ఆకుకూరలు పెంచాలని అనుకుంటున్నాను. ఉత్తరాఖండ్‌లో 2018 నుంచే హెంప్ సాగుకు అనుమతి ఉన్నప్పుడు మనమెందుకు వెనుకబడాలి? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

మల్కాజిగిరి వకీలు:
తమ్ముడూ, హెంప్, గంజాయి వేరువేరు జాతులు కావు. (మన రైతులు పచ్చిరొట్టకు చల్లే పసుపు పూల జనుము మాత్రం వేరే మొక్క. దానికీ ఇంగ్లీషు పేరులో హెంప్ అని ఉండటంతో చాలామంది పొరబడుతున్నారు.) 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, నార కోసమో గింజ కోసమో ఈ మొక్కను పండించవచ్చు. ఉత్తరాఖండ్ ఇచ్చిన ఉత్తర్వు ఆ రాష్ట్ర పొలిమేర దాటి మనకు వర్తించదు. మనకు వర్తించే ఉత్తర్వు చేతిలో లేకుండా సాగు చేస్తే 20వ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడతాయి.

అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. నార పైరును ఆరుబయట ఒత్తుగా విత్తి, మనిషి తల దాటేదాకా పెంచాలి. నాలుగు గోడల మధ్య, దీపాల ఖర్చు భరించి పెంచితే గిట్టుబాటయ్యేది పూత ఒక్కటే, చట్టం గంజాయి అని నిర్వచించినది సరిగ్గా ఆ పూతనే. షెడ్డు తలుపు తీసి చూసిన ఎస్సై గారికి మీరు ఏం చెప్పి నమ్మించగలరు?

నిజాంపేట గానుగ యజమాని:
సాగు వరకు వకీలు గారి మాట నిజమే, కానీ వ్యాపారమంటే సాగు ఒక్కటే కాదు. 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెంప్ గింజను, గింజ నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. నిబంధనలు చూసుకొని, అనుమతి ఉన్న చోట పండిన సరుకుతో ఆహార వ్యాపారం చేయవచ్చు. ఎవరూ అడగకపోతే మన రాష్ట్రంలో సాగు విధానం ఎప్పటికీ రాదు.

శంకర్‌పల్లి పుట్టగొడుగుల రైతు:
ఆకుకూరల సంగతి నేను చెబుతాను. మట్టి లేకుండా నీటిలో లెట్యూస్ (సలాడ్‌లో వాడే ఆకుకూర) పెంచాను. చలికాలమంతా బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్లు 33 డిగ్రీలకు చేరగానే తెల్లని వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే చేతిలో జారిపోతూ, కుళ్లు వాసన కొట్టాయి. మూడు రోజుల్లో పంట మొత్తం పోయింది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెట్టాలంటే కరెంటు ఖర్చు భరించలేకపోయాను. వ్యవసాయ ఉచిత విద్యుత్తు పంపుసెట్టుకు వస్తుంది గాని చిల్లర్‌కు రాదు.

ఆ తరువాత పాల పుట్టగొడుగులకు మారాను. అవి 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనే బాగా వస్తాయి, ఎల్‌ఈడీ దీపాలతో పని లేదు. ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డిని, విత్తనాన్ని పొరలు పొరలుగా సంచుల్లో నింపుతాము. సంచి అంతా తెల్లగా బూజు అల్లుకున్నాక సగానికి కోసి, పైన శుద్ధి చేసిన మట్టి పరుస్తాము. మీ కోళ్ల షెడ్డును బాగా కడిగి, సున్నం కొట్టించి, జాలీలకు గోనె పట్టాలు కట్టి తడుపుతూ ఉంటే సరిపోతుంది. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానవద్దు. ముందు 50 సంచులు పెట్టి, ఆ సరుకు ఎవరు కొంటారో చూసుకోండి.

ప్రశ్న వేసిన వ్యక్తి:
అందరికీ ధన్యవాదాలు. హెంప్ నాటే ఆలోచన విరమించుకున్నాను. గానుగ యజమాని గారు చెప్పిన దారి గురించి ఇంకా ఆలోచిస్తాను. శంకర్‌పల్లి అన్నగారూ, వచ్చే ఆదివారం మీ షెడ్డు చూడటానికి రావచ్చా?