అవుట్‌గోయింగ్ మెయిల్స్ క్యూలోనే ఆగిపోతున్నాయి, ఇన్‌కమింగ్ మాత్రం బాగానే ఉంది

ప్రశ్న:
నమస్తే అండి. తొమ్మిది మంది అనువాదకులం కలిసి వాడుకునే మెయిల్ సర్వర్‌ని నేను చూసుకుంటాను. డెబియన్ లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ని మెయిల్‌బాక్స్‌లో చూపించేది). మూడేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. శనివారం కొత్త వీపీఎస్‌కి (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) మార్చాను. బయటి నుంచి మెయిల్స్ వస్తున్నాయి, మాలో మేము పంపుకునేవీ చేరుతున్నాయి. బయటికి మాత్రం ఒక్కటీ వెళ్లట్లేదు.

ఆ సంగతి నాకు సోమవారం సాయంత్రం దాకా తెలియలేదు. మాలో ఒకావిడ క్లయింట్‌కి ఫోన్ చేస్తే "మీ ఫైలే రాలేదండి" అన్నారట. ఆవిడ సెంట్ ఫోల్డర్‌లో మెయిల్ నిక్షేపంగా ఉంది, పాపం వెళ్లిపోయిందనే అనుకున్నారు. వెళ్లకుండా ఆగినవాటిని చూపించే మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి చూస్తే 63 మెయిల్స్ పడి ఉన్నాయి. లాగ్‌లో అన్నిటికీ ఒకటే మాట: "కనెక్షన్ టైమ్‌డ్ అవుట్", పక్కన "డిఫర్డ్" (తర్వాత మళ్లీ ప్రయత్నిస్తానని).

ఎస్పీఎఫ్‌లో (మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డ్) కొత్త ఐపీ పెట్టాను. డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) కీ పాత సర్వర్‌దే తెచ్చాను. ఫైర్‌వాల్ ఆపి కూడా చూశాను. క్యూలో ఐదు రోజులు దాటితే వెనక్కి తిరిగొచ్చేస్తాయట. అంటే గురువారం నుంచే. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఎస్పీఎఫ్, డీకిమ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. వాటిలో తప్పుంటే అవతలి సర్వర్ మీతో మాట్లాడి, 550 లాంటి కోడ్ ఇచ్చి కాదంటుంది. మీకు అసలు కనెక్షనే దొరకట్లేదు. మీ సర్వర్ నుంచి జీమెయిల్ ఎమ్‌ఎక్స్‌కి (మెయిల్ అందుకునే సర్వర్), సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25 పోర్ట్ మీద టెల్‌నెట్ (కనెక్షన్ కలుస్తుందో లేదో చూసే కమాండ్) చేయండి. తర్వాత ఏదైనా వెబ్‌సైట్‌కి 443 మీద చేయండి. రెండోది వెంటనే కలిసి, మొదటిది అలాగే ఆగిపోతే, వీపీఎస్ కంపెనీ వాళ్లు బయటికి వెళ్లే 25ని మూసేశారన్నమాట. స్పామ్ భయంతో కొత్త ఖాతాలకు చాలామంది అలా చేస్తారు. లోపలికి వచ్చే 25 తెరిచే ఉంటుంది కాబట్టి మీకు ఇన్‌కమింగ్ బాగుంది. టికెట్ వేసి తెరవమని అడగండి.

587కి మార్చేద్దామని మాత్రం అనుకోకండి. అది లాగిన్ అయి పంపేవాళ్ల కోసం. సర్వర్ నుంచి సర్వర్‌కి 25 ఒక్కటే దారి. మీ తరఫున మెయిల్ పంపిపెట్టే రిలే సర్వీస్ తీసుకుంటే అప్పుడు 587 పనికొస్తుంది.

వాళ్లు తెరిచేలోపు పోస్ట్‌ఫిక్స్‌లో మాక్సిమల్ క్యూ లైఫ్‌టైమ్‌ని (మెయిల్ క్యూలో ఉండగలిగే గడువు) పది రోజులు చేసి రీలోడ్ చేయండి. ఇప్పటికే క్యూలో ఉన్నవాటికీ అది వర్తిస్తుంది. గురువారం గండం తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నదే నిజమండి. 443 కలిసింది, 25 కలవలేదు. టికెట్ వేస్తే ఏడు గంటల్లో తెరిచారు. క్యూ ఫ్లష్ చేస్తే (ఆగినవన్నీ వెంటనే మళ్లీ పంపమంటే) 41 వెళ్లాయి. జీమెయిల్‌కి పంపిన 22 మాత్రం 550 5.7.1తో తిరిగొచ్చాయి. ఐపీవీ6, పీటీఆర్ అని ఏదో రాసి ఉంది. పీటీఆర్ (ఐపీ అడ్రస్ ఏ పేరుదో చెప్పే రికార్డ్) శనివారమే పెట్టాను కదా!

జవాబు 2:
ఐపీవీ4 (పాత రకం ఐపీ) అడ్రస్‌కి పెట్టి ఉంటారు. కొత్త వీపీఎస్‌కి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) అడ్రస్ కూడా ఉంది, పోస్ట్‌ఫిక్స్ దాని మీదుగా వెళ్లింది. ఆ అడ్రస్‌కీ పీటీఆర్ పెట్టి, ఆ పేరు తిరిగి అదే అడ్రస్‌ని చూపించేలా చేసి, ఎస్పీఎఫ్‌లోనూ కలపాలి. అంత ఓపిక లేకపోతే పోస్ట్‌ఫిక్స్‌లో ఇనెట్ ప్రోటోకాల్స్ సెట్టింగ్‌ని ఐపీవీ4 ఒక్కటే చేయండి, మీ ఎమ్‌ఎక్స్ పేరుకి క్వాడ్-ఏ (ఐపీవీ6 అడ్రస్ చెప్పే) రికార్డ్ ఉంటే తీసేయండి. రీలోడ్ చాలదు, పోస్ట్‌ఫిక్స్‌ని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. తిరిగొచ్చిన 22 ఇక క్యూలో ఉండవు, పంపినవాళ్లే మళ్లీ పంపాలి.

ప్రశ్న అడిగినవారు:
ఐపీవీ4 ఒక్కటే ఉంచాను. జీమెయిల్‌కి టెస్ట్ మెయిల్ వెంటనే చేరింది. జీమెయిల్‌లో మెయిల్ పూర్తి వివరాలు చూపించే షో ఒరిజినల్‌లో ఎస్పీఎఫ్, డీకిమ్ రెండూ పాస్. ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్.

ఇంకోటి కూడా మార్చాను. పోస్ట్‌ఫిక్స్‌లో డిలే వార్నింగ్ టైమ్ అనే సెట్టింగ్ మామూలుగా సున్నా ఉంటుంది, అంటే మెయిల్ ఆగిపోయినా పంపినవాళ్లకి కబురు రాదు. రెండు రోజులు మాకెవరికీ తెలియకపోవడానికి కారణం అదే. దాన్ని గంటకి పెట్టాను. ఆ 22 ఎవరెవరివో లాగ్‌లోంచి తీసి, ఫోన్ చేసి మళ్లీ పంపమని చెబుతున్నాను. ఐదుగురికి చెప్పాను, ఇంకా ఇద్దరున్నారు.