‘తినగ తినగ వేము తియ్య...’ ఆ తర్వాతి అక్షరం ‘న’నా, ‘గ’నా?

పెరంబూరు టీచర్:
అందరికీ నమస్కారం. చెన్నైలో నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలకు ఫార్మకాలజీ చెబుతాను. క్లాసులో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు కొందరున్నారు. వాళ్ల కోసం రాత్రిళ్లు తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘టాలరెన్స్’ దగ్గర ఆగిపోయాను. అదే మందు, అదే మోతాదు, కానీ రోజులు గడిచేకొద్దీ పట్టు తగ్గిపోతుంది. మొదటి వారం ఒక్క నిద్రమాత్రకే తెల్లారేదాకా పడుకున్న మనిషి, రెండో నెలలో అర్ధరాత్రే లేచి కూర్చుంటాడు. ఇది రాస్తుంటే వేమన పద్యం రెండో పాదం చటుక్కున గుర్తొచ్చింది. తీరా రాయబోతే చివరి మాట దగ్గర పెన్ను ఆగింది. మా నాన్న ‘తియ్యనుండు’ అనేవారు. నాకు నోటికి వచ్చేది ‘తియ్యగుండు’. ఏది సరి? పనిలో పనిగా టాలరెన్స్‌కి మంచి తెలుగు మాట కూడా చెప్పండి. ‘సహనం’ అని రాస్తే పిల్లలు రోగి ఓర్పు అనుకుంటున్నారు.

ఛందోప్రియ:
టీచర్ గారూ, గణాలు కడితే సగమే తేలుతుంది. ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలే. తినగ, తినగ నగణాలు. వేము, తియ్య, నుండు హగణాలు. ‘గుండు’ పెట్టినా హగణమే. యతి ‘తి’కీ ‘తి’కీ కుదిరి ముందే తీరిపోయింది. కాబట్టి ఆ అక్షరానికి ఛందస్సు సాక్ష్యం రాదు, అర్థమే రావాలి. నా ఓటు ‘న’కే. తియ్యన అంటే తీపిదనం, నామవాచకం. తియ్యగా ఉండటం నాలుకకు తోచేది. తియ్యన అనేది వేములోనే చేరేది. వేము మారిందనే వేమన చెబుతున్నాడు.

మందులకొట్టు:
అన్నా, వేము మారదు. ఇరవై ఏళ్లుగా వడపళనిలో షాపు నడుపుతున్నాను, నా అనుభవంతో చెబుతున్నా. మాత్రలో ఉన్నది మొదటి రోజూ అదే, నూరో రోజూ అదే. మారేది తినేవాడు. అది కూడా రెండు దారుల్లో. ఒకటి, మందు వెళ్లి తగులుకునే రిసెప్టర్లు, మీ పుస్తకాల భాషలో గ్రాహకాలు, మొద్దుబారతాయి, లేదా తగ్గిపోతాయి. ఆస్తమావాళ్లు సాల్బుటమాల్ పంపు అదే పనిగా కొట్టుకుంటే అయ్యేది ఇదే. రెండోది, కాలేయం ఆ మందుని తొందరగా వదిలించుకోవడం నేర్చుకుంటుంది. మూర్ఛకు ఇచ్చే కార్బమాజిపైన్ తనను కరిగించే ఎంజైములను తానే పెంచుతుంది. అందుకే కొన్ని వారాలకు దాని అర్ధాయువు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం, పడిపోతుంది, డాక్టరు మోతాదు సరిచూడాలి. నాలుకకు తోచేదే కాబట్టి నా ఓటు ‘గ’కి.

పాతపుస్తకాలు:
ఛందోప్రియ గారు తియ్యన నామవాచకమే అంటున్నారు. మరి ‘మెల్లన వచ్చె’, ‘అల్లన నవ్వె’ మాటేమిటి? అక్కడ ‘న’ క్రియను పట్టుకునే కదా ఉంది. ‘మెల్లన’ అన్నా ‘మెల్లగ’ అన్నా ఒకటే అయినప్పుడు ‘తియ్యన’ ఒక్కటే వేరెందుకవుతుంది? రెండు చోట్లా సంధి కూడా ఒకటే, అత్తునకు సంధి బహుళం. అక్షరం మీద ఇంత బరువు మోపితే అది మోయలేదు. అసలు బరువంతా ‘ఉండు’ మీద ఉంది. తియ్యన ‘అగును’ అని ఉంటే మార్పు. నగణంగా ‘నగును’ కూడా గణానికి సరిపోయేదే. అయినా వేమన ‘ఉండు’ అన్నాడు.

వేపచెట్టు నీడ:
మీరంతా వేము తిన్నవాళ్లేనా? మా ఊరు పుంగనూరు దగ్గర, ఇప్పుడు విల్లివాక్కంలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చిన్నప్పుడు రోజూ వేపపుల్లే. లేత కొమ్మ విరిచి, బెరడు పళ్లతో చీల్చి, కుంచెలా అయ్యేదాకా నమిలేవాళ్లం. మొదటి నమలుకి ముఖం ముడుచుకుపోయేది. పుల్ల సగమయ్యేసరికి చేదు పలచబడేది. పుక్కిలించి చెంబుడు నీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. ఉసిరికాయ తిన్నాక తాగే నీళ్లలా. ‘తినగ తినగ’ అంటే ఏళ్ల తరబడి అని మీరు ఎందుకనుకుంటున్నారు? ఒక్క కూర్చోవడంలోనే తింటూ తింటూ ఉంటే అని కూడా అనుకోవచ్చు కదా. ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలో ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నాడు. అక్కడ ఏళ్ల తరబడి చూడటం కాదు, కాస్త పట్టి చూడటం. ఇక్కడా అంతే.

పెరంబూరు టీచర్:
అమ్మా, మీ మాటతో నా నోట్సు రెండు ముక్కలైంది! మా దగ్గర ఆ రెండింటికీ వేరువేరు పేర్లే ఉన్నాయి. రోజులూ వారాలూ పట్టేది టాలరెన్స్. వరసగా కొన్ని మోతాదులు పడగానే ప్రభావం దిగిపోయేది టాకీఫైలాక్సిస్. గ్రీకులో ‘టాకీ’ అంటే వేగం. ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కలు చూడండి. మొదటి రోజు రెండు చుక్కలకే ఊపిరి హాయిగా ఆడుతుంది. మానకుండా వేస్తూ పోతే గంటలకే మళ్లీ మూసుకుపోతుంది, పైగా మందు వల్లే ఇంకా దిబ్బడేస్తుంది. అందుకే కొద్దిరోజులకు మించి వాడొద్దంటాం. మీ అర్థం పట్టుకుంటే వేమన పాదం టాకీఫైలాక్సిస్‌కి పోతుంది, టాలరెన్స్‌కి పద్యం లేకుండా పోతుంది!

ఛందోప్రియ:
పోదు టీచర్ గారూ. పై పాదం ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచునుండు’. రాగం ఒక్క పూటలో అతిశయించదు. మూడో పాదం ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’. సాధన అన్నాక ఏళ్లే. రెండు పాదాల మధ్య ఇరుక్కున్న వేముకి ఒక్క పూట అర్థం ఎలా చెబుతాం? ఇంకో మాట. అమ్మగారు గుర్తుచేసిన పద్యంలో ‘ఒక్క పోలికనుండు’ ఉంది కదా. అక్కడి ‘న’ వేరు, అది ‘పోలికను’లోది. దాన్ని ఇక్కడికి తెచ్చి కలపకూడదు. అయినా ఉప్పు కప్పురం పద్యం ఎంత గొప్పది! నాలుగు ముక్కల్లో లోకం మొత్తం చూపిస్తాడు. ఒక్క మాట తీసి ఇంకోటి పెట్టలేం.

మందులకొట్టు:
ఆ పద్యం మా షాపులో గోడకి రాయించాలి. మాకు రోజూ ఉండే భయం అదే. ఒకే రంగు స్ట్రిప్పు, ఒకేలాంటి పేరు, లోపల మందు వేరు. చూడ చూడ అంటే పేరు మూడుసార్లు చదవడమే.

టీచర్ గారి రెండో ప్రశ్నకి: కౌంటరు దగ్గర జనం వాడే మాటలే వినండి. ‘ఈ మాత్ర నాకు పడదు’ అంటే దద్దుర్లో వాంతులో అవుతాయని. ‘పనిచేయట్లేదు’ అంటే జబ్బు తగ్గలేదని. ‘ఒంటికి అలవాటైపోయింది’ అన్నదే మీ టాలరెన్స్. కానీ ‘అలవాటు’ అంటే వ్యసనం అనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు. బీపీకి ప్రొప్రనలాల్ ఏళ్లుగా వేసుకునేవాళ్లు ‘అలవాటు పడకూడదని’ టక్కున మానేస్తారు. అన్నాళ్లూ మందు అడ్డు కూర్చోవడంతో రిసెప్టర్లు పెరిగి ఉంటాయి. అడ్డు తీసేయగానే గుండె దడదడలాడుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకైతే ప్రమాదం. అది వ్యసనం కాదు, అయినా మెల్లగానే మానాలి. అందుకని నేను ‘మొద్దుబారడం’ అంటాను. చెయ్యి మొద్దుబారింది అంటాం కదా, అలా.

పారసీమోజు:
అందరూ ‘మోతాదు’ అనేస్తున్నారు, దాని పుట్టుక ఎవరూ అడగలేదు. అరబ్బీలో ‘ఆదత్’ అంటే అలవాటు. దానికి చుట్టమైన ‘ముఅతాద్’ అంటే అలవాటైన, మామూలైన అని. పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చి ‘మామూలుగా ఇచ్చే కొలత’ అయింది. ఈరోజు ఇరాన్‌లో అదే మాటకు అర్థం మత్తుమందుకు బానిసైనవాడు! అంటే మన ‘మోతాదు’లోనే అలవాటు దాగి ఉంది. ‘తినగ తినగ’ వేరే ఎక్కడో వెతకక్కర్లేదు, టీచర్ గారు మొదటి పోస్టులోనే రాసేశారు.

పాతపుస్తకాలు:
చాలా బాగుంది. కానీ ‘మాత్ర’ని మరవకండి. సంస్కృతంలో మాత్ర అంటే కొలత. ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఇప్పుడు మింగే గోళీనే మాత్ర అంటున్నాం. మందుకీ పద్యానికీ కొలబద్ద ఒకటే అన్నమాట.

పెరంబూరు టీచర్:
ఇవన్నీ నోట్సులోకి వెళ్తాయి. ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. మార్ఫిన్ వాడేవాళ్లలో నొప్పి తగ్గించే గుణం కొన్నాళ్లకు మొద్దుబారుతుంది, మలబద్ధకం మాత్రం పెద్దగా మొద్దుబారదు. నొప్పికి మోతాదు పెంచినకొద్దీ ఆ బాధ కూడా పెరుగుతుంది. అందుకే మొదటి రోజు నుంచే విరేచనకారి కూడా రాస్తారు. అంటే వేములో ఒక చేదు తియ్యనవుతుంది, ఇంకో చేదు అలాగే ఉంటుంది. ఈ రెండో చేదును పిల్లలకు ఏ పద్యంతో చెప్పాలి?

ఛందోప్రియ:
దానికి పద్యం ఆలోచిస్తాను. ఈలోగా అక్షరం సంగతి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చువేసింది మన మద్రాసులోనే, 1829లో. ఆయన పోగుచేయించిన ప్రతులు ఇక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. శనివారం వెళ్లి వేమన ప్రతులు అడుగుతాను. ఎవరైనా తోడు వస్తారా?

మందులకొట్టు:
వస్తానన్నా. ప్రతిలో ‘గ’ కనిపిస్తే ఫోటో పెడతాను.

వేపచెట్టు నీడ:
మీరిద్దరూ వెళ్లిరండి నాయనా. నాదొక చిన్న సందేహం. డాక్టరమ్మ థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి ముందే వేసుకోమంది. కాఫీ పడితే మందు సరిగ్గా ఒంటికి ఎక్కదట. సరే, వేసుకుంటున్నాను. కానీ ‘పరగడుపు’లో ఆ ‘పర’ ఏమిటి? ఖాళీ కడుపుకి పరాయిదనం ఎక్కడిది?

పాతపుస్తకాలు:
అమ్మా, అది ‘పర’ కాకపోవచ్చు. మా ఇంట్లో ‘పరిగడుపు’ అనేవారు.

ఛందోప్రియ:
‘పరి’నా? ఆగండి, వస్తున్నాను.